రెండు చెంచాల అరిష్టం

మా నెల్లూరులో శుభకార్యాలకు వచ్చినవారి చేతిలో తాంబూలంతో పాటు పెట్టే స్టీలు డబ్బాకు ఉన్నంత దేశాటన యోగం మనుషులకు కూడా ఉండదు. చిన్నబజారులో కొన్న డబ్బా మొదట కావలిలో ఒక సీమంతానికి వెళ్ళి, అక్కడి నుంచి ఒంగోలులో ఎవరింటి ఒడుగుకో చేరి, గూడూరు పెళ్ళిలో నాలుగు చేతులు మారి, చివరికి దాని మీద మనం చెక్కించిన పేరు చెక్కుచెదరకుండా మనింటికే తిరిగి వస్తుంది. మాఘమాసంలో పెట్టుకున్న మా కొత్త ఇంటి గృహప్రవేశానికి అటువంటి డబ్బాలు పంచే ప్రసక్తే లేదని, వచ్చిన ఆడవాళ్ళందరికీ ఇంట్లో తయారు చేసిన వెనీలా ఎక్స్‌ట్రాక్టు (కేకులకు వాసన తెచ్చే వెనీలా కాయల సారం) చిన్న సీసాలలో పోసి ఇవ్వాలని మా శ్రీమతి శ్రావణంలోనే నిశ్చయించింది. ఆవిడ కుక్కరులో ఇసుక పోసి కేకులు చేయడం, వీధిలో వారికి నేర్పడం మొదలుపెట్టి చాలాకాలమైంది కనుక, మా వీధిలో కేకు చేయడం తెలియని ఇల్లు లేదు. తినడానికి ముందుకు వచ్చే మొగవాళ్ళే తగ్గిపోతున్నారు.

అంగట్లో దొరికే ఎసెన్సు ఎందుకు పనికిరాదని నేను అడిగినందుకు నాకు ఆ సాయంత్రం పాఠం పడింది. 1874లో టీమన్, హార్మన్ అనే ఇద్దరు జర్మను రసాయన శాస్త్రజ్ఞులు పైన్ చెట్ల నుంచి తీసిన పదార్థంతో, వెనీలా వాసనకు మూలమైన వెనిలిన్‌ను తయారు చేసి చూపించారట. ఇప్పుడు ఎసెన్సు సీసాలలో ఉండే వెనిలిన్‌లో అధికభాగం కర్మాగారాల్లో పుట్టేదే కాని తీగకు కాసినది కాదట. అసలు వెనీలా మెక్సికో ప్రాంతపు ఆర్కిడ్ తీగ. మిగిలిన దేశాలకు తీసుకుపోయి నాటితే పూసేది గాని కాసేది కాదు. 1841లో రీయూనియన్ ద్వీపంలో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు, చిన్న పుల్లతో పువ్వులోని పొరను పైకెత్తి వేలితో పుప్పొడి అద్దే ఉపాయం కనిపెట్టిన తరువాతనే ప్రపంచమంతటా కాయలు కాశాయి. ఉదయం విచ్చిన పువ్వు ఆ పూటకే వాడిపోతుంది గనుక ఇప్పటికీ ఒక్కొక్క పువ్వుకూ మనిషే చేత్తో ఆ పని చేయాలి. ఆ పైన కాయ ముదరడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. పచ్చికాయకు వాసన ఉండదు కాబట్టి, దానిని వేడినీళ్ళలో ముంచి, కంబళ్ళలో చుట్టి చెమట పట్టించి, నెలల తరబడి ఆరబెట్టాలి.

మంచం మీద కూర్చుని ఇదంతా విన్న మా మేనత్త నోటిలోని వక్కాకును పక్కకు నెట్టి, “దగ్గరుండి పెళ్ళి చేసి, తొమ్మిది నెలలు కాసుకోని, చెమటలు పట్టించి, మళ్ళా ఆరబెట్టాలంటనా? నా పిల్లకాయలకు గూడా నేను ఇంత చాకిరీ చెయ్యలేదమ్మే” అని తీర్పు చెప్పింది.

మా అత్తను గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉంది. ఆమెది ఉదయగిరి వైపు పల్లె. 1992లో దూబగుంట రోశమ్మ, ఆమెతో పాటు రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీదికి కదిలినప్పుడు, ఒక చేత చీపురు, ఇంకో చేత కారప్పొడి పట్టుకుని మా అత్త కూడా తన ఊరి అంగడి ముందు బైఠాయించింది. సారా ప్యాకెట్లు తెచ్చిన జీపును వెనక్కి తిప్పించిన వైనం ఇప్పటికీ మా ఇంట్లో పురాణ కాలక్షేపం. 1995 జనవరి 16న రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చిన రోజును ఆమె పండుగ లెక్కన చెప్పుకుంటుంది. 1997లో దానిని ఎత్తివేసిన ముఖ్యమంత్రి పేరును మాత్రం ఇంతవరకు నోటితో పలకలేదు, ‘ఆయన’ అంటుంది. అటువంటి ఇంట్లో వెనీలా కాయలను ఏ ద్రవంలో నానబెట్టాలన్నదే చిక్కు.

ద్రవం వోడ్కా. అమెరికా ప్రభుత్వపు నిబంధన ప్రకారం ఎక్స్‌ట్రాక్టు అనిపించుకోవాలంటే వారి గ్యాలనుకు 13.35 ఔన్సుల కాయలు, అందులో కనీసం 35 శాతం ఆల్కహాలు ఉండాలి. మన కొలతలో లీటరుకు సుమారు వంద గ్రాముల కాయలన్నమాట. మన దేశపు వోడ్కా సీసా మీద 42.8 శాతమని ఉంటుంది కాబట్టి, అమెరికా అడిగినదానికన్నా మనవాళ్ళే ధారాళంగా ఇస్తున్నారని శ్రీమతి సంతోషించింది. కాయలు కేరళ నుంచి తపాలాలో వచ్చాయి. సీసాలు తెచ్చే బాధ్యత, ఇంట్లో ఉన్న ఒకే ఒక మొగవాడిని కనుక, నాకు వచ్చింది.

జీవితమంతా ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాడు వైన్ షాపుకు వెళ్ళడానికి మన ఊళ్ళో చీకటి చాలదు. కిటికీ లోపల నుంచి “నమస్తే సార్, మీరా!” అన్న కేక వినగానే వెనుక వరుసలో ఉన్న నలుగురు మర్యాదగా పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు, అంత గౌరవం నాకు బడిలో ఎన్నడూ దక్కలేదు. మూడు ఫుల్ బాటిళ్ళు వోడ్కా కావాలని, అవి తాగడానికి కాదని, కాయలు నానబెట్టడానికని నేను గొంతు తగ్గించి చెప్పాను. నా పూర్వ విద్యార్థి ఆలోచించి, “మావోళ్ళు కాయలు పక్కన పెట్టుకోని నంజుకుంటారు సార్, లోపలే వేసుకునేది ఇప్పుడే వింటున్నా” అని, ఆ మూడింటినీ నల్ల కవరులో పెట్టి ఇచ్చాడు. నల్ల కవరు చేత పట్టుకుని ట్రంకు రోడ్డు మీద నడిచే మనిషి సంజాయిషీ ఎవరూ అడగరు, చెప్పినా వినరు. ఆ దారిలో ఎదురైన ముగ్గురు తోటి ఉపాధ్యాయులూ నన్ను పలకరించకుండా నా కవరును మాత్రమే పలకరించి వెళ్ళారు.

అత్త రంగనాయకుల గుడికి వెళ్ళిన పూట చూసి పని మొదలుపెట్టాము. నూనె పట్టినట్టు నల్లగా మెరిసే కాయను పీట మీద పెట్టి శ్రీమతి చాకుమొనతో పొడుగునా చీల్చింది. లోపల జిగురులో ఆవగింజలో పదోవంతైనా లేని గింజలు వేలకు వేలు చాకుకు, వేళ్ళకు, గోళ్ళ సందులకు అంటుకున్నాయి. ఆ చేతిని సబ్బుతో కడుక్కున్నా రాత్రి పెరుగన్నంలో ఐస్‌క్రీమ్ వాసన వచ్చింది. వెలుతురు తగలకుండా ముదురు గోధుమరంగు సీసాలు కావాలి. అవి కొనడం దండుగని తలచి, అటక మీద అత్త దాచిపెట్టిన దశమూలారిష్టం (పది రకాల వేళ్ళతో చేసే ఆయుర్వేద మందు) ఖాళీ సీసాలను దించి, మరిగే నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టింది మా ఇల్లాలు. మూడు ఫుల్లులంటే 2250 మిల్లీలీటర్లు, 450 చొప్పున సరిగ్గా అయిదు సీసాలు. లెక్కల మాస్టారి ఇంట్లో లెక్క తప్పదు గాని, కాయలు కూడా చోటు ఆక్రమిస్తాయి కదా. మిగిలినది నాలుగు ముక్కలతో పాటు ఆరో సీసాలోకి సగం వరకు పోయవలసి వచ్చింది. ఆరింటినీ మెట్ల కింది చీకటి అలమరలో పెట్టి, వారానికొకసారి కదిలించుకుంటే గృహప్రవేశం నాటికి ఆరు నెలలు నిండుతాయని తీర్మానించాము.

అదే అలమరలో పై అరలో అత్త వాడుకుంటున్న అరిష్టం సీసా ఉంటుంది. రాత్రి భోజనమయ్యాక రెండు చెంచాల అరిష్టంలో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలుపుకుని తాగడం ఆమెకు ఏళ్ళ నాటి అలవాటు.

కార్తీకం వచ్చేసరికి అత్తలో మార్పు కనిపించింది. మోకాళ్ళ నొప్పి మాట మరచిపోయింది. టీవీలో సీరియల్ ముగియకముందే నిద్ర పట్టేస్తున్నదని మురిసిపోయింది. నిద్రకు ముందు జీపును తిప్పి పంపిన కథ మునుపటికన్నా పెద్ద గొంతుతో చెప్పసాగింది. వచ్చినది ఒక్క జీపు కాదని, రెండని, ఒకనాటి రాత్రి లారీ కూడా వచ్చిందని తెలిసింది. కొత్త సరుకు చాలా బాగున్నదని, మునుపటి అరిష్టంలో అన్నీ ఆకులూ పొడులూ తప్ప మూలం కంటికి కనపడేది కాదని, ఇందులో పది మూలాల్లో నాలుగు సీసాలోనే తేలుతున్నాయంటే కల్తీ లేనట్టేనని పక్కింటి పెద్దావిడకు కూడా రెండు చెంచాలు పోసి ఇచ్చింది. ఈ మాట మాకు ఆనాడే చేరి ఉంటే కథ అక్కడే ముగిసేది. కాని అరుగు మీద ముసలివాళ్ళు మాట్లాడుకునే వైద్యం ఇంట్లోవాళ్ళకు చివరనే చేరుతుంది.

మాఘంలో సీసాలు దించి చూసుకుంటే ఆరోది ఖాళీ, అయిదోది అడుగంటింది, నాలుగోది మెడ దిగింది. శ్రీమతి సీసాల వంక చూసింది, తరువాత నా వంక చూసింది. అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడేటప్పుడు ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడి, నేను జవాబు చెబుతున్నంతసేపూ ఊపిరి లోపలికి పీల్చసాగింది. వైన్ షాపులో నాకు దక్కిన గౌరవం సంగతి ఆవిడకు ఎవరో చెప్పారని గ్రహించాను. నా మీద నేరం మోపలేదు, నిర్దోషినని ఒప్పుకోనూ లేదు. ఉన్నదానిని వడగట్టి 30 మిల్లీలీటర్ల సీసాలకు సర్ది, కేకుకు ఒక చెంచా చాలునని, లోపల వెనీలా కాయలు, వోడ్కా ఉన్నాయని, ఎవరినీ మోసగించడం ఇష్టం లేక, ప్రతి సీసాకూ చీటీ కట్టింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి, కల్యాణమండపంలో భోజనాలు అయ్యాయి, సీసాలు పంచారు. పెద్దరికం కొద్దీ మొదటిది అత్త చేతిలోనే పెట్టారు. ఆమె మూత తీసి వాసన చూసి, అరచేతిలో చుక్క వేసుకుని నాకి, మండపమంతా వినిపించేటట్టు, “ఇది నా అరిష్టమే గదా! రోజూ నేను తాగేదే. రెండు చెంచాలు పుచ్చుకోండమ్మా, ఒళ్ళు నొప్పులనేవి ఉండవు” అని చాటింది. పక్కింటి పెద్దావిడ వెంటనే సాక్ష్యం పలికింది. బెంగళూరు నుంచి వచ్చిన మనవడు, ఇప్పటి పిల్లలకు చదవడమే తప్ప ఆగడం తెలియదు కనుక, చీటీని పైకి చదివాడు.

కొంతసేపు మండపంలో ఫ్యాన్ల చప్పుడు మాత్రమే వినిపించింది. శ్రీమతి నా వంక చూసిన చూపులో ఈసారి క్షమాపణ కనిపించింది గాని, ఆ ఊరట నాకు ఎంతోసేపు నిలవలేదు.

“నా పాత సీసా మీద గూడా ఏందో శాతం ఉంటుందే, అదేంది?” అని అత్త అడిగింది. అరిష్టంలో అయిదు నుంచి పది శాతం వరకు ఆల్కహాలు ఉంటుందని, అయితే అది పులిసేటప్పుడు తనంతట తానే పుట్టేదని మనవడు వివరించాడు.

“అది దానంతటది పుట్టింది. దానికి నేనేం జేసేది? ఇది దుకాణంలో కొన్నది.” ఆమె చేతిలోని సీసాకు మూత బిగించింది. “ఆనాడు మేం తాగినోళ్ళతో కొట్లాడలా. అమ్మినోడితో కొట్లాడినాం, తెచ్చినోడితో కొట్లాడినాం. అబ్బయా, ఇది తెచ్చింది ఎవురు?”

చుట్టాలందరూ నా వైపు తిరిగారు. ట్రంకు రోడ్డు మీద నా కవరును పలకరించిన ముగ్గురూ పాయసం గిన్నెలతో సహా తిరిగారు.

ఆ పైన అమలైన నిషేధంలో ఏ సడలింపూ లేదు. నేను ఏ పని మీద బయటికి వెళ్ళి వచ్చినా గుమ్మంలోనే సంచి తనిఖీ జరుగుతోంది. వోడ్కా బదులు గ్లిజరిన్‌లో నానబెట్టవచ్చునని, ఆల్కహాలంత బలంగా అది సారాన్ని లాగదు గాని వాసనకు లోటుండదని తెలుసుకుని, శ్రీమతి మిగిలిన కాయలతో అలా ఒక సీసా కట్టింది. నెలలు నిండాక అత్తే స్వయంగా అడిగి రెండు చెంచాలు పుచ్చుకుని, ఆ రాత్రి సీరియల్ పూర్తిగా చూసి, దాని తరువాత వచ్చిన వార్తలు కూడా చూసి, తెల్లవారి మోకాలు నిమురుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

“అమ్మే, దీంట్లో మూలాలు సరిగా దిగినట్టు లేవే” అంది.