రెండు కిలోల మూడొందల గ్రాముల సైన్సు

పుస్తకాలు కిలో లెక్కన అమ్ముతున్నారని ఆఫీసులో విన్న రోజు రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. బంగారం గ్రాముల్లో, మదనపల్లె టమాటా కిలోల్లో కొనడం తెలుసు గానీ, జ్ఞానాన్ని కూడా కాటాలో వేసి ఇస్తారంటే నాలాంటి నెలజీతగాడికి అంతకన్నా ఏం కావాలి?

అంతకు వారం ముందే మా పాప బళ్లో పేరెంట్స్ మీటింగ్ అయింది. పాప నాలుగో తరగతి. "క్యూరియాసిటీ పెంచండి సార్, మంచి సైన్సు పుస్తకాలు కొనిపెట్టండి" అన్నారు టీచరమ్మ. నాకు భయమేసింది. ఉన్న క్యూరియాసిటీకే ఇంట్లో జవాబులు చెప్పలేక చస్తున్నాం. బల్లి తోక తెగితే నొప్పి బల్లికా, తోకకా? శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది కదా, మన ట్యూబులైటు వెనకాల ఉన్నది మాత్రం మట్టిరంగెందుకు? శ్రీహరికోట రాకెట్టు మన మేడ మీదికి కనిపిస్తుంది కదా, మరి రాకెట్టుకి మన మేడ కనిపిస్తుందా? ఇవన్నీ సరిగ్గా నేను స్కూటరు కిక్కు కొట్టే టైముకే అడుగుతుంది.

పక్కింట్లో రిటైరైన ఫిజిక్సు లెక్చరర్ గారున్నారు. ఎలాంటి పుస్తకం కొనమంటారని అడిగితే ఆయన ఫారడే దగ్గర మొదలుపెట్టారు. లండన్లో ఒక కమ్మరి కొడుకట. 1805లో, పద్నాలుగేళ్ల వయసులో, పుస్తకాలు బైండింగు చేసే షాపులో పనికి కుదిరాడు. కుట్టడానికొచ్చిన పుస్తకాలను కుడుతూనే చదివేసేవాడు. చదివి ఊరుకోలేదు, చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో సామాను కొనుక్కొచ్చి, అందులో రాసింది నిజమో కాదో చేసి చూసేవాడు. ఆ కుర్రాడే 1831లో అయస్కాంతంతో కరెంటు పుట్టించే కిటుకు కనిపెట్టాడు. "మీ ఇంట్లో ఈ ఫ్యాను తిరుగుతోందంటే ఆయన చలవే" అని లెక్చరర్ గారు వేలు పైకి చూపించారు. అదే క్షణంలో కరెంటు పోయింది.

ఈ కథలో నా బుర్రకెక్కింది ఒక్కటే: పుస్తకానికి బైండింగు గట్టిగా ఉండాలి.

ఆదివారం పాపను స్కూటరెక్కించుకుని ఆ పుస్తకాలమ్మే కల్యాణమండపానికి వెళ్లాను. మామూలుగా వడ్డన జరిగే హాల్లో బల్లల నిండా పుస్తకాలు, చివర్లో కాటా. జనం వంకాయలు ఏరినట్టు ఏరుతున్నారు. ఒక పెద్దాయన ఏదో నవల చేతిలో పట్టుకుని "తేలిగ్గా ఉంది, తీసుకుందాం" అంటున్నాడు, సాహిత్య విమర్శ చేస్తున్నాడో బరువు చెబుతున్నాడో తెలియలేదు. నా కన్ను మాత్రం ఒకే ఒక్కదాని మీద పడింది. ఇంగ్లీషు సైన్సు ఎన్‌సైక్లోపీడియా. గట్టి అట్ట, నున్నటి కాగితం, అట్ట మీద డైనోసారు, దాని వెనకాల అగ్నిపర్వతం, ఆ వెనకాల శనిగ్రహం. మూడింటికీ ఏం సంబంధమో గానీ చూడ్డానికి భలేగా ఉంది. లోపల తెరిచి ఒక్క పేజీ చదవలేదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ఇటుకను కొనేవాడు తట్టి చూస్తాడే, అలా తట్టి చూశాను.

కాటా మీద రెండు కిలోల మూడొందల గ్రాములు. కిలో రెండొందల చొప్పున నాలుగొందల అరవై. స్కానర్ పనిచేయడం లేదన్నారు, ఐదొందల నోటిచ్చాను. చిల్లర లేదు. కిరాణా కొట్టువాడు చాక్లెట్లు చేతిలో పెట్టినట్టు, ఆ నలభైకి బదులు ఒక పల్చటి తెలుగు పుస్తకం పైన పడేశాడు. ముప్పై పేజీలుంటాయేమో. పిల్లలు ఇంట్లోనే చేసి చూసే ప్రయోగాలట. బొమ్మలు ఇంకు కారి ఏది గిన్నో ఏది టోపీయో తెలియకుండా ఉన్నాయి. "కొసరు" అనుకుని సంచిలో పడేశాను.

ఇంటికొచ్చాక పెద్ద పుస్తకాన్ని హాల్లో టేబులు మీద పెట్టి, దండ ఒక్కటే తక్కువగా, ప్రారంభోత్సవం చేశాం. పాప గ్రహాల పేజీ తెరిచింది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నాన్నా, ఇందులో తొమ్మిదున్నాయి. మా మిస్ ఎనిమిదే అన్నారు."

ప్లూటోను 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మొదటి పేజీ తిప్పి చూస్తే పుస్తకం అచ్చయింది 1998లో. మందు సీసా మీద తేదీ చూస్తాం, బ్రెడ్డు ప్యాకెట్టు మీద చూస్తాం, సైన్సు పుస్తకానికీ చూడాలని ఎవరికి తడుతుంది?

వత్తులు చేసుకుంటున్న మా అమ్మ కల్పించుకుంది. "ఎనిమిదేంది మే? తొమ్మిదే. అందులో రెండింటికి కాళహస్తిలో పూజ కూడా చేయించినాం. లేకపోతే మీ నాయనకు పెళ్లే అయ్యేది కాదు."

ఆ పుస్తకంతో వచ్చిన ఇంకో చిక్కు, అది ఏ చలిదేశం పిల్లలకో రాసింది. మంచు కురిసిన ఉదయాన నల్లగుడ్డ మీద ఒక మంచు రేకును పట్టి భూతద్దంలో చూడమంటుంది. తిరుపతిలో, మే నెలలో! మా పాప ఊరుకుంటుందా? భూతద్దం పట్టుకుని ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముందు అరగంట కూర్చుంది. మంచు రేకు దొరకలేదు. రెండు లీటర్ల పాలు విరిగాయి. ఆ సాయంత్రం నుంచి పుస్తకం పని మారింది. మా ఆవిడ దాన్ని ఊరగాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. "గట్టి బైండింగండీ, కదలదు" అని నన్ను మెచ్చుకుంది కూడా.

కొసరు పుస్తకాన్ని పాప ఎప్పుడు తీసుకుందో నేను చూడలేదు. రెండు నిమిషాలు చదువుతుంది, లేచి వంటింట్లోకి పోతుంది. వస్తుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ లేస్తుంది. కుదురుగా కూర్చోవడం లేదంటే నచ్చలేదని అర్థం చేసుకున్నాను. ఇంట్లో నిమ్మకాయలు తగ్గడం, గ్లాసులో వెనిగర్లో వేసిన కోడిగుడ్డు పెంకు కరిగిపోయి మర్నాటికి రబ్బరు బంతిలా మెత్తబడటం, తెల్ల కాగితాన్ని దీపం మీద వెచ్చబెడితే "అవ్వ దొంగతనంగా బెల్లం తింటుంది" అన్న అక్షరాలు గోధుమరంగులో పైకి తేలడం, వీటికీ ఆ పుస్తకానికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఒకసారి పాప, మా అమ్మ తాంబూలం సున్నం చేతికి పూసుకుని చెయ్యి మండి ఏడ్చింది. ఆ దెబ్బతో సున్నంకాయ బీరువా ఎక్కింది. ఆ ఒక్క ప్రయోగం మాత్రం ఆగిపోయింది. అది ఆగిందని కూడా నాకు తర్వాతే తెలిసింది.

జూన్‌లో మా తమ్ముడి పెళ్లయింది. కొత్త కోడలిని ఇంటికి తెచ్చుకునే రోజు. బైరాగిపట్టెడలో మా సందు ఎంత వెడల్పో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ సందులో పూలు కట్టిన కారు, టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు పట్టుకుని డ్రైవరు, వీడియో తీసే కుర్రాడు, చుట్టాలు, చూడ్డానికొచ్చిన సందంతా. గడప దగ్గర స్టూలు మీద పళ్లెంలో ఎర్రనీళ్లు సిద్ధంగా ఉన్నాయి, పైన తమలపాకు మీద కర్పూరం.

మా చెల్లెలు ఆడపడుచు హోదాలో ద్వారానికి అడ్డం నిలబడి, పేర్లు చెప్పి లోపలికి రమ్మంది. కోడలు టక్కున చెప్పేసింది. మా వాడు సిగ్గుపడుతూ నిలబడ్డాడు. రెండేళ్లుగా రాత్రిళ్లు మేడ మీద ఫోన్లో ఆ పేరే జపించినవాడు, ఆ గడపలో నోరు పెగల్లేదు. జనం నవ్వడం, వాడు మెలికలు తిరగడం, మా చెల్లెలు ఐదువేలకు బేరం పెట్టడం, ఇదంతా ఐదు నిమిషాలు పట్టింది.

మా పాపకు ఐదు నిమిషాలు చాలా ఎక్కువ.

పళ్లెం ఎత్తబోయిన మా మేనత్త కెవ్వుమంది. "అయ్యో నా తల్లో! ఎర్రనీళ్లు పచ్చబడినాయే!"

చూస్తే నిజమే. పళ్లెంలో శుభ్రమైన పసుపురంగు నీళ్లు. అందరి మొహాల్లో రంగు కూడా ఆ నీళ్లతో పాటే మారింది. ఎవరో ముహూర్తం తప్పిందన్నారు. ఎవరో అయ్యవారికి ఫోన్ చేయమన్నారు. మా తమ్ముడికి భయం పట్టి, అడక్కుండానే పెళ్లాం పేరు మూడుసార్లు గట్టిగా చెప్పేశాడు. వీడియో కుర్రాడు మాత్రం "ఆంటీ, ఇంకోసారి మార్చండి, నేను మిస్సయ్యా" అన్నాడు.

అప్పుడు కనిపించింది స్టూలు వెనకాల మా పాప, చేతిలో పిండేసిన నిమ్మచెక్కతో. కారు డ్రైవర్ని అడిగి తెచ్చుకుందట. మొహం వెలిగిపోతోంది.

"నాన్నా, వచ్చింది! పుస్తకంలో ఏమవుతుందో రాయలేదు, చేసి చూడమన్నారు. చూశా!"

నేను చెయ్యెత్తాను. కొట్టడానికా, నెత్తిన పెట్టుకోవడానికా నాకే స్పష్టత లేదు. అంతలో కొత్త కోడలు, బాసికం పక్కకు జరుపుకుని పళ్లెంలోకి తొంగిచూసి, ఫక్కున నవ్వింది. ఆ అమ్మాయి ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.

"అత్తమ్మా, కొంచెం సున్నం ఉంటే తెప్పించండి."

బీరువాలోంచి సున్నంకాయ వచ్చింది. కోడలు వేలి చివర ఇంత తీసి నీళ్లలో కలిపింది. పసుపు మధ్యలో ఒక ఎర్రటి తీగ పుట్టింది, మెలికలు తిరిగింది, వేలు తిప్పేకొద్దీ పళ్లెమంతా పాకి మళ్లీ పారాణిలా ఎర్రబడింది. సందంతా "ఆఁ" అంది. ఈసారి వీడియో కుర్రాడు మిస్సవలేదు.

"పసుపులో కర్కుమిన్ అని ఉంటుంది పిన్నిగారూ" అని మా మేనత్తకు చెప్పింది కోడలు, గడప అవతలే నిలబడి. "సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. మాకు ల్యాబులో లిట్మస్ కాగితం ఎలాగో, ఇది అలాగ."

మేనత్త సగమే నమ్మింది. "ఏమోనమ్మా, మా కాలంలో నీళ్లు ఒక్క రంగు మీదే ఉండేవి."

మా అమ్మ మాత్రం నోటి మీద వేలేసుకుని నిలబడిపోయింది. "నలభై ఏండ్లుగా ఈ చేత్తోనే కలుపుతా ఉండా. సున్నం ఎంతెయ్యాలా అని అడిగినోళ్లే గానీ, ఎందుకు ఎర్రబడుతుందని ఒక్కరూ అడగలా. నేనూ అడగలా." ఆ మాట అని, ఎందుకైనా మంచిదని పాప చేతిలోని రెండో నిమ్మచెక్క లాగేసుకుంది.

దిష్టి తీశారు. కుడికాలు పెట్టి కోడలు లోపలికొచ్చింది. వచ్చీ రాగానే ఆమె కొంగు పట్టుకున్న మా పాప రాత్రి భోజనాల దాకా వదల్లేదు.

నాకు మాత్రం లోపల ఒక గుంజాటన. నాలుగొందల అరవై పోసి కొన్నదాంట్లో ఈ ముక్క లేకుండా పోతుందా? అందరూ పడుకున్నాక జాడీ మూత మీద నుంచి పుస్తకం దించి, నూనె మరకలు తుడిచి, వెనక పేజీల్లో అక్షరక్రమం వెతికాను. టర్బైన్ ఉంది. దాని కిందే టర్టిల్ ఉంది. మధ్యలో ఉండాల్సిన టర్మరిక్ లేదు. పుస్తకాన్ని మళ్లీ జాడీ మీద పెట్టి, మామిడికాయ వాసన వేస్తున్న చేతులతోనే పడుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు తయారై, పొద్దున్నే పప్పన్నం తిని లేచేసరికి తెల్ల చొక్కా జేబు మీద రూపాయి బిళ్లంత పప్పు మరక. నీళ్ల చెంబు అందుకోబోయాను. వంటింటి గుమ్మంలో మా పాప, వాళ్ల పిన్ని పక్కపక్కనే నిలబడి ఆ మరకనే చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బావగారూ, ఒక్క నిమిషం కదలకండి" అంది కోడలు.

పాప అప్పటికే సబ్బు కోసం పరిగెత్తింది.