కప్పకు పిలుపు అందింది కదా!

తొలినాటి మూకీ క్రిస్మస్ పండగ చిత్రాల్లో అన్ని వర్గాలకూ చోటు దక్కలేదని కొందరు గిట్టనివారు గోల చేస్తున్నారు. పాత రీళ్లన్నీ తిరగేసి చెబుతున్నాను: అంతటి ఔదార్యం నేటి సినిమాకు లేదు.

దయ్యాలనే తీసుకోండి. 1901లో ఇంగ్లండులో రాబర్ట్ పాల్ సంస్థ తీసిన, డికెన్స్ రాసిన పిసినారి స్క్రూజ్ కథలో కథ నడిపేది అతని చచ్చిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ దయ్యమే. బతికున్నప్పుడు తెల్లవాడు, చచ్చాక తెల్ల దుప్పటి కప్పడంతో ఇంకాస్త తెల్లబడ్డాడు. అయినా దయ్యం దయ్యమే, లెక్కలో వేసుకోవాలి.

ఇక జంతుజాలం. 1905లో ఎడిసన్ సంస్థ కోసం ఎడ్విన్ పోర్టర్ తీసిన క్రిస్మస్ చిత్రంలో శాంటా మేత వేసేది అసలైన రెయిన్‌డీర్లకే. జింక వేషానికి జింకే కావాలన్న నిష్ఠ అది! ఇదే పోర్టర్ 1903లో అంకుల్ టామ్ కథ తీసినప్పుడు మాత్రం నల్లజాతి బానిస టామ్‌గా తెల్ల నటుణ్ణి నిలబెట్టి ముఖానికి మసి పూయించాడు. మసిపూసి మారేడుకాయ చేయడాన్ని మన పెద్దలు మోసమన్నారు. అక్కడ దాన్ని మేకప్ అన్నారు.

సామాజిక న్యాయం శిఖరానికి చేరింది మాత్రం 1913లో, రష్యాలో. బొమ్మల్ని కదిపి సినిమాలు తీసే స్టారెవిచ్ చిత్రంలో క్రిస్మస్ చెట్టుకు వేలాడే క్రిస్మస్ తాత బొమ్మ దిగివచ్చి, అడవిలో పురుగులకూ ఒక కప్పకూ పండగ చేసి కానుకలు పంచుతుంది. ఆ పురుగులు బతికున్నవి కూడా కావు. చచ్చినవాటి కాళ్లకు తీగలు కట్టి ఒక్కో ఫ్రేముకూ కదిపేవాడు. అవకాశం రావడానికి ప్రాణం ఉండాలన్న నిబంధన కూడా ఎత్తేశారన్నమాట.

సరిగ్గా అదే ఏడాది న్యూయార్క్‌లో నల్లజాతి నటీనటులు పదుల సంఖ్యలో కలిసి ఒక చిత్రంలో నటించారు. క్లబ్బు ఉత్సవం, ఊరేగింపు, రంగులరాట్నం, అచ్చమైన సందడి. కథానాయకుడు న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేను ఊపేసిన బెర్ట్ విలియమ్స్. నల్లవాడైన ఆయన కూడా, తన రంగు చాలదన్నట్టు, మసి పూసుకోవలసి వచ్చింది. తీసినవారు ఆ చిత్రానికి టైటిల్ కార్డులైనా (మూకీల్లో మాటలు రాసి చూపే అట్టలు) వేయకుండా డబ్బాల్లో పెట్టేశారు. ఆ రీళ్లను కూర్చి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 2014లో ప్రదర్శించింది. విలియమ్స్ 1922లోనే పోయాడు కాబట్టి ఆహ్వానపత్రం ఖర్చు కూడా కలిసివచ్చింది.