ఆకుకూరలపై చర్య తీసుకోవాలి

1963 డిసెంబరు చివరి రోజుల్లో సైప్రస్ రాజధాని నికోసియాలో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య కాల్పులు ఆపడానికి ఒక బ్రిటిష్ సేనాధిపతి పటం ముందేసుకుని, చేతికందిన ఆకుపచ్చ పెన్సిలుతో ఊరి నడుమ ఒక గీత గీశాడు. ఆయన చేతికి ఎర్ర పెన్సిలు అంది ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు. ఆ హద్దుకు 'ఆకుపచ్చ గీత' అన్న పేరు స్థిరపడింది. 1974 యుద్ధం తరువాత అది సుమారు 180 కిలోమీటర్ల పొడవున సైప్రస్ ద్వీపాన్ని దక్షిణాన గ్రీకు సైప్రియట్లు, ఉత్తరాన టర్కిష్ సైప్రియట్లుగా రెండు ముక్కలు చేసింది. 2003 ఏప్రిల్‌లో దారులు తెరిచేదాకా సామాన్యులు దాన్ని దాటడం దాదాపు అసాధ్యంగా ఉండేది. ఆకుకూరలు మాత్రం, పేరు చూసి అది తమ పిత్రార్జితమని భావించాయో ఏమో, దాన్ని ఒక్కనాడూ లెక్కచేయలేదు.

మొదటి ముద్దాయి అడవి ఆస్పరాగస్. ఇది మన పిల్లిపీచరకు దాయాది. శీతకాలపు వానలు పడ్డాక ముళ్లపొదల మధ్య సన్నని కాడలు లేస్తాయి. గీతకు అటువారూ ఇటువారూ చేతులు గీరుకుపోతున్నా సరే వంగి ఏరుకుంటారు, పుటుక్కున విరిగే లేత భాగాన్ని ఆలివ్ నూనెలో మగ్గించి పైన గుడ్లు కొట్టి పోస్తారు. దక్షిణాన దీని పేరు 'అగ్రెలియా', ఉత్తరాన 'అయ్రెల్లి'. దశాబ్దాల విభజన ఈ కూరలో సాధించిన భేదం ఇంతే. గీత దాటే సరుకుకు యూరోపియన్ యూనియన్ 2004లో నిబంధనలు రాసింది. ఉత్తరం నుంచి వచ్చే కూరగాయలు అక్కడివేనని టర్కిష్ సైప్రియట్ వాణిజ్య మండలి పత్రం ఇవ్వాలి. పక్షి కడుపులో కూర్చుని ప్రయాణించే విత్తనం దగ్గర అటువంటి పత్రం ఉన్న దాఖలా లేదు.

రెండవ ముద్దాయి మనకు బాగా తెలిసినదే: చామదుంప. గ్రీకు సైప్రియట్లు దీన్ని 'కొలొకాసి' అంటారు, టర్కిష్ సైప్రియట్లు 'కొలోకాస్' అంటారు, అనగా చివరి అచ్చును పొదుపు చేశారు. దుంప పక్కన పుట్టే పిల్లదుంపలు గ్రీకువారికి 'పూల్లెస్', టర్కిష్‌వారికి 'బుల్లెజ్'. దక్షిణాన టమాటా, సెలెరీ కాడలతో పంది మాంసం వేసి వండితే, ఉత్తరాన గొర్రె మాంసమో కోడో వేస్తారు. మతం కుండలో మాంసాన్ని మార్చగలిగింది గాని దుంపను కదిలించలేకపోయింది. సొతీరా ఊరి దుంపకు 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక రక్షణ కూడా దొరికింది. ఇక వండే పద్ధతి చూస్తే అవిధేయత పరాకాష్ఠకు చేరుతుంది. తొక్క తీశాక కడగరు, బట్టతో తుడుస్తారు. కత్తితో కొంత లోతుకు గాటు పెట్టి, మెలితిప్పి ముక్కను విరిచేస్తారు. పూర్తిగా కోస్తే కూర జిగురవుతుందట. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనం అడుగుతాం గదా, వాళ్లు కత్తికి పని పూర్తి చేసే హక్కే ఇవ్వలేదు. సేనాధిపతుల పద్ధతికి ఇది పూర్తిగా విరుద్ధమని వేరే చెప్పనక్కరలేదు. (వేడినీళ్లలో ఉడికించి, వేళ్లు కాల్చుకుంటూ తొక్క వలిచే మన ఇళ్లవారు దీన్ని ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు, బాధ్యత మాత్రం నాది కాదు.)

మూడవది మరీ తీవ్రమైన నేరం, ఎందుకంటే ఇది విదేశాంగ విధానాన్ని తాకుతుంది. గ్రీకు సైప్రియట్ ఇళ్లలో వారంలో ఒకనాడైనా కనిపించే పూట 'లూవి మె లాహన'. బొబ్బర్లను ఉడికించి, మొదటి నీళ్లు పారబోసి, బీట్‌రూట్‌కు తోబుట్టువైన చార్డ్ ఆకును తరిగి వేసి, దించాక ఆలివ్ నూనె, నిమ్మరసం ధారాళంగా పోసి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటారు. తాలింపు లేదు, కారం లేదు. మన నాలుక దీనికి అనుమతి ఇవ్వడానికి రెండు మూడు ముద్దల వ్యవధి పడుతుంది, ఆ తరువాత గిన్నె ఖాళీ అవుతుంది. నేరం రుచిలో లేదు, పేరులో ఉంది. ఏథెన్సులో 'లాహనో' అంటే క్యాబేజీ. అంకారాలో 'లహనా' అన్నా క్యాబేజీయే. సైప్రస్‌కు సంబంధించి ఏ విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం ఆ రెండు రాజధానుల మధ్య ఈ ఒక్క మాట దగ్గర కుదిరితే, దక్షిణ సైప్రస్ గృహిణి 'లాహన' అంటే చార్డ్ అని, క్యాబేజీ కావాలంటే 'క్రాంబి' అని అడగాలని ఇద్దరికీ చెప్పి పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలయ్యే సోమవారాన్ని 'ఆకుపచ్చ సోమవారం' అని కూడా పిలుస్తారు. ఆనాడు మాంసం, గుడ్లు, పాలు మాని, దేహాన్ని శిక్షించుకోవాలన్న ఉద్దేశంతో జనం పొలాలకు వెళ్లి పచ్చి ఆకులు, ఆలివ్‌లు, నిమ్మకాయ పిండిన ఆర్టిచోక్‌లు ముందేసుకుని సాయంత్రం దాకా నవ్వుతూ కూర్చుంటారు. ఈ శిక్ష అమలు తీరుపై కూడా విచారణ జరగాలి.

కాబట్టి ఉభయ పక్షాలూ వెంటనే ఒక సంయుక్త సంఘాన్ని నియమించాలి. సంఘం గీత మధ్యనే, ఫిబ్రవరిలోనే సమావేశం కావాలి. మధ్యాహ్న భోజనానికి అడవి ఆస్పరాగస్ తప్ప వేరే ఏమీ పెట్టకూడదు. ఆ వంటకం పేరులో ఉండవలసింది 'గ' అక్షరమా 'య' అక్షరమా అన్నది లిఖితపూర్వకంగా తేలేదాకా బాణలిలో ఒక్క గుడ్డు కూడా పగలగొట్టరాదు.