లారెంట్ బ్లాంక్‌ను పీఎస్‌జీ ఓటములతోనే కొలుస్తారా?

1998 ప్రపంచకప్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫైనల్లో జిదాన్ తలతో కొట్టిన రెండు గోల్సే. కానీ ఫ్రాన్స్ అక్కడి దాకా వెళ్లడానికి ముందు ఒక డిఫెండర్ గోల్ ఉంది. జూన్ 28న లెన్స్‌లో పరాగ్వేతో మ్యాచ్, సస్పెన్షన్ వల్ల జిదాన్ లేడు, అవతల పరాగ్వే గోల్‌కీపర్ చిలావెర్ట్ ఒక్క బంతినీ లోపలికి పోనివ్వడం లేదు, అదనపు సమయం కూడా అయిపోవస్తోంది, ఇక పెనాల్టీలే అని అందరూ టెన్షన్ పడుతుంటే సహచరుడు ట్రెజెగే తలతో దించిన బంతిని లారెంట్ బ్లాంక్ వలలోకి కొట్టాడు. ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటి గోల్డెన్ గోల్, అంటే అదనపు సమయంలో పడగానే మ్యాచ్‌ను అక్కడితో ముగించే గోల్. సెమీఫైనల్లో క్రొయేషియా ఆటగాడు బిలిచ్‌ను చేత్తో నెట్టినందుకు రెడ్ కార్డు పడి, ఫైనల్ మాత్రం ఆడలేకపోయాడు. బిలిచ్ ఆ దెబ్బను ఎంత పెద్దది చేసి చూపించాడో రీప్లే చూస్తే తెలుస్తుంది. ఇప్పటికీ బాధేస్తుంది.

డిఫెండర్‌కి గోల్ దగ్గర అంత నిబ్బరం ఎక్కడిదంటే, బ్లాంక్ మోంపెలియే క్లబ్‌లో మొదలైంది అటాకింగ్ మిడ్‌ఫీల్డర్‌గా. వెనక్కి వచ్చి డిఫెన్స్‌లో స్థిరపడ్డాక కూడా పరుగుతో కాదు, ఆటను ముందే పసిగట్టడంతోనే నెట్టుకొచ్చాడు. అందుకే 2001లో, 35 ఏళ్ల వయసులో, ఫెర్గూసన్ అతన్ని మాంచెస్టర్ యునైటెడ్‌కు తీసుకున్నాడు.

కోచ్‌గా కూడా అతని బలం అదే, బలహీనతా అదే అని నా అభిప్రాయం. 2007లో ఫ్రాన్స్ క్లబ్ బోర్డో పగ్గాలు పట్టాడు. అప్పటికి ఫ్రాన్స్ లీగ్ అంటే లియోన్‌దే, వరసగా ఏడు టైటిళ్లు. 2009లో గుర్కుఫ్, షమాఖ్ లాంటివాళ్లతో బోర్డో ఆ వరసను తెంచింది. తర్వాతి సీజన్, యూరప్ అగ్ర క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో బయెర్న్, యువెంటస్ ఉన్న గ్రూపులో మొదటి స్థానం కూడా బోర్డోదే. పెద్ద డబ్బుతో జరిగిన పని కాదది.

2010లో దక్షిణాఫ్రికాలో ఆటగాళ్లు ప్రాక్టీసు మానేసి పరువు తీసుకున్న ఫ్రాన్స్ జట్టు అతని చేతికి వచ్చింది. ప్రపంచకప్‌కు వెళ్లిన 23 మందినీ మొదటి మ్యాచ్‌కు పక్కన పెట్టించాడు, అది ఓడిపోయినా వెనక్కి తగ్గలేదు, తర్వాతి మ్యాచ్‌లో బెలారస్ చేతిలోనూ ఓడాక జట్టు 23 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడింది. అయితే ఈ కాలంలోనే ఒక మచ్చ ఉంది, దాన్ని దాటేసి రాయడం నిజాయితీ కాదు. శిక్షణ కేంద్రాల్లో రెండు దేశాల మూలాలున్న పిల్లల సంఖ్యకు పరిమితి పెట్టాలన్న చర్చలో బ్లాంక్ మాటలు 2011లో బయటికొచ్చాయి. చట్టం ఉల్లంఘించలేదని విచారణ తేల్చింది, అతను క్షమాపణ చెప్పాడు. కానీ ఘనాలో పుట్టిన దెసాయి పక్కన నిలబడి కప్పు గెలిచిన మనిషి ఆ చర్చను అక్కడికక్కడే ఆపాల్సింది.

ఇక పీఎస్‌జీ, అంటే పారిస్ సాంజెర్మాన్ క్లబ్. 2013 నుంచి 2016 దాకా మూడు సీజన్లు, మూడు లీగ్ టైటిళ్లు, ఆఖరిది ఇంకా ఎనిమిది మ్యాచ్‌లు మిగిలుండగానే ట్రాయ్స్‌పై 9-0తో. అంత డబ్బుంటే ఎవరైనా గెలుస్తారు అంటారు కదా, మరి బ్లాంక్ వెళ్లిన వెంటనే 2017లో టైటిల్ మొనాకోకు ఎలా పోయింది? బార్సిలోనా చేతిలో 6-1 ఎలా జరిగింది?

ఛాంపియన్స్ లీగ్‌లో మాత్రం మూడుసార్లూ క్వార్టర్స్‌లోనే ఆగాడు. 2014లో చెల్సీతో రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది 3-1తో గెలిచి వెళ్లి, ఇంకో గోల్ వేసే ప్రయత్నం కంటే ఉన్నది కాపాడుకోవడానికే జట్టును వెనక్కి లాక్కుంటే, చివరి నిమిషాల్లో చెల్సీ ఆటగాడు డెంబా బా కథ ముగించాడు. 2016లో మాంచెస్టర్ సిటీతో ఆడేటప్పుడు మిడ్‌ఫీల్డర్లు వెరాటీ, మట్విడి లేరని, జట్టుకు అలవాటు లేని ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారాడు. మూడేళ్లుగా తను నేర్పిన ఆటను ఆ ఒక్క రాత్రి తనే నమ్మలేదు. ఇది క్షమించడం కష్టం, కానీ ఒక కెరీర్ మొత్తాన్ని దీనితోనే కొలవడం అంతకంటే అన్యాయం.

ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా అతను ఏ జట్టుకూ పనిచేయలేదు. మళ్లీ మొదలుపెట్టింది ఖతార్‌లోని అల్ రయ్యాన్‌తో, మధ్యలో లియోన్‌లో ఏడాది కూడా నిండలేదు. 2025లో బెంజెమా ఉన్న అల్ ఇత్తిహాద్‌కు సౌదీ లీగ్, కింగ్స్ కప్ రెండూ గెలిపిస్తే, అదే ఏడాది సెప్టెంబర్‌లో వాళ్లు పంపించేశారు. చెదిరిన జట్టును నిలబెట్టే మనిషి కావాలనుకునే యూరప్ క్లబ్ ఏదైనా ఇప్పటికీ ఇతన్ని పిలవొచ్చు, పిలవాలి కూడా.