మంచు కరిగేదాకా చూడనివ్వండి

బీకరులో మంచు ముక్కలు వేసి, థర్మామీటరు పెట్టి, కింద సన్నటి మంట వెలిగించి, నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకోమంటారు సైన్స్ టీచరు. మొదటి నిమిషం సున్నా. రెండో నిమిషం సున్నా. మూడు, నాలుగు, ఐదు నిమిషాలైనా అదే సున్నా. థర్మామీటరు పాతదైతే ఒక డిగ్రీ అటూ ఇటూ. పన్నెండేళ్ల పిల్లకు అక్కడ ఏమీ జరగడం లేదనిపిస్తుంది. చేతిలో ట్యాబ్ ఉంటే నాలుగో నిమిషానికల్లా వేలు ఇంకో విండో మీదకు పోతుంది. మళ్లీ తల ఎత్తేసరికి మంచు మాయం, నీళ్లు వేడెక్కడం మొదలై ఉంటుంది. మధ్యలో ఖాళీగా ఉన్న గడులు పక్కవాళ్ల రికార్డు చూసి నింపేస్తుంది.

ఆ ప్రయోగం మొత్తంలో చూడాల్సింది ఆ కదలని సున్నానే. మంట మండుతూనే ఉంది, వేడి లోపలికి వెళ్తూనే ఉంది, థర్మామీటరు మాత్రం ఉలకదు. మరి ఆ వేడంతా ఎటు పోతోంది? పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్తను పట్టుకున్న ప్రశ్న ఇదే. ఒక గాజు బుడ్డిలో మంచులాంటి చల్లటి నీళ్లు, ఇంకో బుడ్డిలో అంతే బరువున్న మంచు తీసుకుని రెంటినీ ఒకే గదిలో వేలాడదీశాడు. నీళ్లు అర గంటలో కొన్ని డిగ్రీలు వేడెక్కాయి. మంచు కరిగి ఆ నీళ్లంత వేడికి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. కరగడానికే బోలెడంత వేడి ఖర్చవుతుందని, అది థర్మామీటరులో కనపడదని అలా తేలింది. పాఠ్యపుస్తకంలో మనం గుప్తోష్ణం అని చదువుకున్నది అదే. ఒక గ్రాము మంచును కరిగించే వేడితో ఒక గ్రాము నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా తీసుకెళ్లవచ్చు.

పదిన్నర గంటలు ఎదురుచూడమని ఏ బడీ పిల్లల్ని అడగదు. పది నిమిషాలు అడుగుతుంది. ఆ పది నిమిషాలు కూడా దక్కకపోవడమే మా బాధ.

క్లాసులో ఫోన్లు, ట్యాబ్‌ల మీద చర్చ మొదలవగానే అది క్రమశిక్షణ గొడవగా మారిపోతుంది. ఉంచాలా తీసేయాలా, నిషేధమా స్వేచ్ఛా అంటూ వాదులాట. ఫ్రాన్స్ 2018లోనే పదిహేనేళ్ల లోపు పిల్లల బడుల్లో ఫోన్ వాడకాన్ని చట్టం చేసి ఆపింది. నెదర్లాండ్స్ 2024 జనవరి నుంచి సెకండరీ తరగతి గదుల్లోంచి తీసేసింది. బడిలో టెక్నాలజీ నేర్చుకోవడానికి పనికొస్తేనే ఉండాలని యునెస్కో 2023 నివేదికలో చెప్పింది. మరి నిషేధిస్తే మార్కులు పెరుగుతాయా? ఇంగ్లండ్ బడుల మీద 2015లో వచ్చిన అధ్యయనం వెనకబడిన పిల్లలకు మేలు జరిగిందంది, బాగా చదివే పిల్లల్లో తేడా కనిపించలేదంది. ఆ తర్వాత స్వీడన్‌లో అదే పద్ధతిలో చూస్తే చెప్పుకోదగ్గ మార్పే లేదు. కాబట్టి నిషేధాన్ని సర్వరోగనివారిణిలా అమ్మేవాళ్లను మేము నమ్మం. దానివల్ల ఒరిగేదేమీ లేదని కొట్టిపారేసేవాళ్లనూ నమ్మం.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నిషేధాలన్నీ జేబులో ఫోన్ గురించి మాట్లాడతాయి. బడే స్వయంగా బల్ల మీద పెట్టిన ట్యాబ్ మాటేమిటి? ఫోన్ డబ్బాలో వేసి తాళం పెట్టిన అదే గదిలో, పాఠం పేరుతో తెరిచిన బ్రౌజరులో ఆటలు దొరుకుతాయి, చాటింగ్ దొరుకుతుంది. ఆ మాటకొస్తే టీచరిచ్చిన వీడియో పక్కనే దానికి సంబంధం లేని పది వీడియోలు వరస కట్టి ఉంటాయి. మనిషి కళ్లను పట్టి ఉంచడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లు కట్టిన వస్తువు అది. దాని ముందు పదకొండు, పన్నెండేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి, బుద్ధిగా ఉండడం లేదని తిడుతున్నాం. మనసును అదుపులో పెట్టుకునే మెదడు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లం మనమేమైనా తక్కువా? ఈ సంపాదకీయం మీద చర్చ జరుగుతున్నంతసేపూ మా బల్ల మీద ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి. తీసి చూడనివాళ్లు మాలో లేరు.

క్లాసులో తెర చూడడం తనొక్కడి చదువును చెడగొట్టుకునే సొంత వ్యవహారం కాదని కూడా గుర్తుంచుకోవాలి. కెనడాలో యూనివర్సిటీ విద్యార్థుల మీద జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠం వింటూ ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్లకు పరీక్షలో మార్కులు తగ్గాయి. అందులో వింత లేదు. ఏ ల్యాప్‌టాపూ ముట్టకుండా, ఆ తెర కనిపించేచోట కూర్చున్నవాళ్లకూ తగ్గాయి, అదీ 17 శాతం. వేర్వేరు దేశాల్లో పదిహేనేళ్ల పిల్లల చదువును పోల్చే పిసా సర్వే 2022లో వాళ్లను లెక్కల క్లాసుల గురించి అడిగితే, ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమిలో 59 శాతం మంది పక్కవాళ్ల పరికరాల వల్ల కనీసం కొన్ని క్లాసుల్లో తమ దృష్టి చెదురుతోందన్నారు. అలా చెప్పినవాళ్ల లెక్కల స్కోరు, చెదరదన్నవాళ్ల కంటే సగటున 15 పాయింట్లు తక్కువ. దృష్టి చెదరడమే స్కోరు తగ్గడానికి పూర్తి కారణమని సర్వే తేల్చలేదు. కానీ వెనక బెంచీలో కూర్చున్న ఏ పిల్లనడిగినా ముందు బల్ల మీద తెర ఎంత లాగుతుందో చెబుతుంది.

అదే సర్వేలో ఇంకో సంగతీ ఉంది. బడిలో చదువు కోసం రోజుకు గంట దాకా డిజిటల్ పరికరాలు వాడినవాళ్లకు, అసలు వాడనివాళ్ల కంటే మెరుగైన మార్కులు వచ్చాయి. ఇది మాకు ఆశ్చర్యం కలిగించలేదు. సైన్స్‌లో తెర చేయగల పని నిజంగానే ఉంది. గాలిలో అణువులు ఎలా ఢీకొంటున్నాయో ఏ బీకరూ చూపించలేదు. గ్రహాల కక్ష్యలను బల్ల మీద పరవలేం. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద ప్రయోగాన్ని అనుకరించే ప్రోగ్రాములు, అలాంటివి చూపించడానికే, ఉచితంగా దొరుకుతాయి. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీవాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫోన్‌లోని సెన్సర్లనే కొలత పరికరాలుగా మార్చేస్తుంది. కింద పడుతున్న బంతిని స్లో మోషన్‌లో తీసి ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే, అది ఎలా వేగం పుంజుకుంటుందో కంటికి కట్టినట్టు తెలుస్తుంది. ఇవన్నీ వద్దనేవాళ్లది మూర్ఖత్వమే.

మా తగువు వేరే. చేతితో చేయగల ప్రయోగాన్ని తెర మింగేయకూడదు. లోలకాన్నే తీసుకుందాం. మీటరు పొడవు దారానికి రాయి కట్టి ఊపితే ఒక్కో ఊపు, వెళ్లి రావడానికి, దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఇరవై ఊపులు లెక్కపెట్టి భాగించమంటే ఒక గుంపుకు 1.9 వస్తుంది, ఇంకో గుంపుకు 2.1, మూడో గుంపు ఊపులు తప్పు లెక్కపెట్టి 1.7 తెస్తుంది. ఇక చూడండి గోల. దారం ఎక్కడి నుంచి కొలిచావు, రాయి పైదాకానా మధ్యదాకానా, స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కావు, ఎంత దూరం లాగి వదిలావు? ఆ కీచులాటలోనే పిల్లలకు సైన్స్ అబ్బుతుంది. సిమ్యులేషన్‌లో మూడు గుంపులకూ 2.01 వస్తుంది. గొడవే ఉండదు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, మిగిలిన ముప్పై నిమిషాలు అదే ట్యాబ్‌లో ఇంకేదో తెరుచుకుంటుంది.

పరధ్యానం మొదలయ్యేది అక్కడే అని మా అంచనా. చేతికి పని ఉన్న పిల్ల తెర వైపు తక్కువ చూస్తుంది. చేయించడం మానేసి చూపించడం ఎక్కువైన క్లాసులోనే వేళ్లు ఖాళీ అవుతాయి.

అందుకని బడులు పరికరాలను మోసుకెళ్లి స్టోర్ రూములో పడేయాలని మేము అనడం లేదు. మనిషికొకటి కాకుండా గుంపుకొకటి ఇవ్వండి, దాన్ని పట్టుకునే పని వంతులవారీగా మార్చండి. స్టాప్‌వాచ్ కోసమో కెమెరా కోసమో తీసిన ఫోన్‌కు నెట్ అక్కర్లేదు, ఫ్లైట్ మోడ్‌లో పెడితే సరి. కొలతలు కాగితం మీదే రాయించండి, కొట్టివేతలతో సహా. గ్రాఫు మొదట చేత్తో గీశాక కంప్యూటర్ గీసినదానితో పోల్చి చూడనివ్వండి. ల్యాప్‌టాప్ మూతలు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చెప్పే అధికారం ఆ గదిలో ఉన్న టీచరుకు ఉండాలి. ఫలానా యాప్ రోజుకు ఇన్ని నిమిషాలు వాడి తీరాలని పైనుంచి వచ్చే ఆదేశానికి ఉండకూడదు. నలభై తెరల వెనక ఏం జరుగుతోందో కాపలా కాస్తూ పాఠం చెప్పడం ఏ టీచరుకూ సాధ్యమయ్యే పని కాదు.

ఇంకో మాట అధికారులకు. సైన్స్ టీచర్లు వీడియో పెట్టి సరిపెడుతున్నారని చాలామంది విసుక్కుంటారు. నలభై నిమిషాల పీరియడ్‌లో హాజరు, సామాను పంచడం, మళ్లీ కడిగి సర్దించడం పోను ప్రయోగానికి మిగిలేది ఇరవై నిమిషాలు కూడా ఉండదు. మంచు కరిగి, కొలతలు రాసి, వాటి మీద మాట్లాడుకోవడం ఆ లోపు అవనే అవదు. గంట మోగేస్తుందన్న టెన్షన్‌లో వాళ్లు తెర ఆన్ చేస్తున్నారు. వచ్చే ఏడాది టైంటేబుల్ వేసేటప్పుడు ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు వారానికి ఒక్కసారైనా సైన్స్‌కు రెండు పీరియడ్లు వరుసగా ఇవ్వండి. దీనికి కొత్త పరికరాలు కొనక్కర్లేదు, గడులు కొద్దిగా అటూ ఇటూ జరిపితే చాలు.