రాతిచేపను సాక్ష్యానికి పిలవకండి

మొన్న ఉగాదినాడు మన తెలుగు సంఘం సభలో పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి పంచి, పిల్లల పాటలు కూడా అయ్యాక వేదికెక్కిన పెద్దాయన ఒకరు సంచిలోంచి చేతివెడల్పు సున్నపురాయి పలకను తీసి అందరికీ చూపించారు. అందులో ఒక చేప ఉంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని కోట గ్రామం దగ్గర దొరికిందట. నదికి దూరంగా, మెట్టనేలలో, రాతి కడుపులో చేప ఎలా వచ్చిందో చెప్పమని సభను అడిగి, జవాబు కూడా ఆయనే ఇచ్చారు: సత్యవ్రతుడి కాలంలో లోకాన్ని ముంచిన జలప్రళయానికి ఇదే ప్రత్యక్ష సాక్ష్యమని. చప్పట్లు మోగాయి. అప్పుడు ముందువరుసలో కూర్చున్న పదో తరగతి అమ్మాయి లేచి, "సార్, చేప పొలుసులు ఒక్కటీ చెదరలేదు కదా, అంత పెద్ద ప్రళయంలో అట్లెట్లుంటది?" అని అడిగింది. "రెండక్షరాలు రాంగనే దేవుణ్ణే అడిగేదానివైనవా బిడ్డా?" అని ఆయన మైకులో అన్నారు. సభంతా నవ్వింది. ఆ పిల్ల తండ్రి తల వంచుకున్నారు. ఆ తర్వాత మన ఏ కార్యక్రమంలోనూ ఆ కుటుంబం నాకు కనిపించలేదు.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. మైకు దొరికితే వదలని అలవాటు చంద్రపూర్, బల్లార్‌పూర్ తెలుగువాళ్ళందరికీ కొద్దో గొప్పో ఉన్నదే. కాని ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఉంది, అది చెప్పకుండా నవ్వి ఊరుకోవడం మాత్రం సభకు మర్యాద కాదు.

ముందు ఆ చేప సంగతి చూద్దాం. కోట పరిసరాల్లోని సున్నపురాతి పొరల్లో దొరికిన ఈ చేపలు పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికే శాస్త్రజ్ఞుల చేతికి వెళ్ళి లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అనే పేరు పొందాయి. మన పల్లె పేరుమీదే భూగర్భశాస్త్రంలో కోట శిలాశ్రేణి (ఒక కాలంలో ఏర్పడిన రాతిపొరల వరుస) అని ఒకటి ఏర్పడింది. ప్రాణహితకు అవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పోచంపల్లి దగ్గర ఇదే శ్రేణిలో దొరికిన పెద్ద డైనోసార్‌కు, తవ్వకాలు సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో, బరాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అది ఇప్పుడు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో నిలబడి ఉంది. ఇవన్నీ జురాసిక్ యుగానివి, అంటే ఇంచుమించు 17 కోట్ల ఏళ్ళ కిందటివి. మనలాంటి మనుషులు భూమ్మీద కనిపించి సుమారు 3 లక్షల ఏళ్ళే అయింది కనుక, ఆ చేప బతికిన నీళ్ళలో పడవ నడిపే మనువుకు (సత్యవ్రతుడే తర్వాత మనువయ్యాడు) చోటు లేదు.

అమ్మాయి పట్టుకున్నది అంతకన్నా సూక్ష్మమైన విషయం. కోట సున్నపురాయిని అడ్డంగా చూస్తే పుస్తకం అంచులా పలుచని పొరలు కనిపిస్తాయి. కదలని నీటి అడుగున సన్నని సున్నపుబురద ఏళ్ళ తరబడి మెల్లగా దిగితేనే అలాంటి పొరలు పడతాయి. అక్కడ చేపలతో పాటు పురుగుల శిలాజాలు కూడా దొరికాయి. పురుగు రెక్క ముద్ర నిలిచే చోట ప్రళయం సుడులు తిరగలేదని చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. అది ఒక మంచినీటి సరస్సు.

వరద ఏం చేస్తుందో నేను చూశాను. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ ఘాట్లలో మనమంతా మునకలు వేసి వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ జులైలోనే గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు అక్కడ ఎన్నడూ రాలేదు. మా చిన్నమ్మ ఊరు సిరొంచ తాలూకాలో గోదావరి ఒడ్డుకు కొంచెం ఎడంగా ఉంటుంది. గంగ ఎదురుగా ఊరిమీదికి వస్తుందని అందరూ అటే చూస్తుంటే, నీళ్ళు మాత్రం వెనకనుంచి, వాగు ఎదురెక్కి, పత్తిచేల మీదుగా వచ్చాయి. చిన్నమ్మ వాకిట్లో నీటి అంచున పసుపు, కుంకుమ, రవికెగుడ్డ వదిలి దండం పెట్టింది. వెంటనే లోపలికి వెళ్ళి మిరప విత్తనం మూట, నారుకు దాచిన వడ్ల సంచి అటుకమీదికి ఎక్కించమని నన్ను తొందరపెట్టింది. నగలపెట్టె సంగతి ఆమెకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. "గంగతల్లి సూసిపోదామని వచ్చింది కొడుకా, ఉండది, పోతది" అంది.

పోయింది. నీళ్ళు తీశాక తలుపు తెరిస్తే ఇంట్లో మోకాలి ఎత్తు ఒండ్రు. అందులో ఎవరివో చెప్పులు, పత్తికట్టె, ప్లాస్టిక్ బిందె, పొయ్యిలోని బూడిద అన్నీ కలగలిసి ఉన్నాయి. దేవుడి అర్ర మూలన చేపలు కూడా చిక్కుకుని చచ్చిపడి ఉన్నాయి. పారతో ఎత్తబోతే పొలుసులు ఊడి, వెన్నెముక విడిపోయి వచ్చాయి. వరద పెట్టిపోయే గుర్తు అలా ఉంటుంది. కోట రాయిలోని చేపది అలాంటి చావు కాదు.

ఇక ప్రపంచమంతా ఒకేసారి మునగడం సాధ్యమా అన్న ప్రశ్న. గాలిలో ఉన్న ఆవిరి మొత్తం వానగా కురిసినా భూమ్మీద సగటున రెండున్నర సెంటీమీటర్ల నీరే నిలుస్తుంది. ధ్రువాల మంచు, కొండల మంచు అంతా కరిగితే సముద్రం 70 మీటర్ల లోపే పెరుగుతుంది. 8,848 మీటర్ల ఎవరెస్టు మునగాలంటే ఇప్పుడున్న సముద్రాలకు తోడు వాటికి మూడింతలకు పైగా నీరు కావాలి. అది ఎక్కడినుంచి వచ్చిందో, తర్వాత ఎక్కడికి పోయిందో చెప్పగలిగినవారు లేరు. అంటార్కిటికాలో 8 లక్షల ఏళ్ళ మంచు పొర మీద పొరగా తెగకుండా ఉంది. మధ్యలో లోకమంతా మునిగి ఉంటే ఆ మంచు ఉండేది కాదు.

అలాగని మన పెద్దలు ఊరికే కల్పించారనడం కూడా తొందరపాటే. సుమారు 20,000 ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లు దిగువన ఉండేది. మంచుయుగం ముగిసే కొద్దీ అది పెరుగుతూ వచ్చి తీరాలను, నేటి పర్షియన్ సింధుశాఖ అడుగునున్న నేలను మింగింది. నదీతీరాల్లో బతికిన ఎన్నో జాతులకు ఊరు మునిగిన రాత్రి ఒకటి గుర్తుంది. మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) మట్టిపలకల మీద మన మనువు కథను పోలిన వరదకథ ఉందని 1872లో ఆ పలకల లిపి చదివిన జార్జ్ స్మిత్ లండన్‌లో ప్రకటించాడు. అక్కడి ఉర్ నగరంలో 1929లో తవ్వకాలు జరిపిన లియోనార్డ్ వూలీ అడుగుల మందాన ఒండ్రుమట్టి చూసి ఆ వరద ఇదేనన్నాడు. అక్కడివే అయిన కిష్, షురుప్పాక్ నగరాల్లో తేలిన వరదమట్టి కాలాలు దానితో కలవలేదు. అవి ఎక్కడికక్కడ వచ్చిన వేర్వేరు వరదలు. నల్లసముద్రంలోకి నీరు ఒక్కసారిగా దూకిందని 1997లో ర్యాన్, పిట్‌మన్ అనే భూగర్భశాస్త్రజ్ఞులు చేసిన వాదన మీద ఇంకా తగవు నడుస్తూనే ఉంది.

అసలు మన కథ సాక్ష్యం అడిగిందా? శతపథ బ్రాహ్మణం అనే వేదగ్రంథంలో మనువు చేతులు కడుక్కునే నీళ్ళలోకి వచ్చిన చేపను విష్ణువని ఎవరూ చెప్పలేదు. భాగవతం అష్టమస్కంధం దగ్గరికి వచ్చేసరికి అది కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న ద్రవిడరాజు దోసిట్లో పడ్డ మత్స్యమూర్తి అయింది. పోతన దాన్ని మన నాలుకల మీద పెట్టాడు. ఆ ప్రళయం బ్రహ్మకు పగలు ముగిసి నిద్ర ముంచుకొచ్చిన వేళ వచ్చిందని భాగవతమే చెబుతోంది. బ్రహ్మ పగలు, అంటే ఒక కల్పం, 432 కోట్ల ఏళ్ళు. ఉగాదినాడు మనం భక్తిగా విన్న పంచాంగం సృష్టి మొదలై 195 కోట్ల ఏళ్ళు దాటాయని లెక్క చెబుతుంటే, అదే వేదిక మీద 17 కోట్ల ఏళ్ళ చేపను కల్పాంతానికి సాక్షిగా నిలబెట్టాం. శాస్త్రం సంగతి తర్వాత, పంచాంగమైనా ఒప్పుకోవాలి కదా! (పక్కనే కూర్చున్న పురోహితుడు గారు కూడా చప్పట్లు కొట్టారు.)

నన్ను నాస్తికుణ్ణనుకున్నా సరే. ఓషధులను, విత్తనాలను, సప్తర్షులను పడవెక్కించుకొమ్మని చేప చెప్పిన ఘట్టం చదివినప్పుడల్లా మా చిన్నమ్మ అటుకమీదికి చూపించిన చెయ్యి నాకు గుర్తొస్తుంది. ఆ కథను ఇంటింటా చెప్పుకోవాలని కోరేవాళ్ళలో నేను ముందుంటాను. మరాఠీ బడుల్లో చదువుకునే మన పిల్లలకు పోతన పద్యం చేరే దారి ఈ సంఘం ఒక్కటే. ఆ దారిలోనే ప్రశ్న అడిగిన పిల్లను నవ్వి పంపేస్తే, రేపు తెలుగుతో పాటు మత్స్యావతారం కూడా మన ముసలివాళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

అందుకే కార్యవర్గానికి ఒక విన్నపం. ఇద్దరు పెద్దలు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి పిలిచి రండి. వచ్చే కార్తీక వనభోజనాల్లో ఒక పూట మత్స్యావతార ఘట్టాన్ని పద్యాలతో చెప్పించండి. తర్వాత వీలైన ఆదివారం పిల్లలను ఆళ్ళపల్లి మీదుగా సిరొంచ తీసుకెళ్ళి, వడధం శిలాజ పార్కులో రాయిగా మారిన చెట్టుమానులను, డైనోసార్ ఎముకలను చూపించండి. శిలాజాలు తెలిసిన అధ్యాపకుణ్ణి ఒకరిని వెంట తీసుకుపోతే, అడిగినవాటికి ఆయనే జవాబు చెబుతారు. బస్సు ఖర్చులో నా వంతు నేనిస్తాను. ఎండలు ముదరకముందే, మాఘంలోపే పెట్టుకుంటే మంచిది, వానలు పడితే ఆ వైపు వాగులు దాటనివ్వవు.