పున్నమి నాటి కెమెరా పరీక్ష

సూపర్ జూమ్ కెమెరా మంచిదో కాదో తేల్చడానికి మన రివ్యూ పండితులకి తెలిసిన శాస్త్రం ఒక్కటే. పున్నమి దాకా ఆగడం. ఆ రాత్రి డాబా ఎక్కి చంద్రుణ్ణి ఫోటో తీసి, "చూశారా ఫ్రెండ్స్, మచ్చలు కూడా కనిపిస్తున్నాయి" అనడం. ఆ మచ్చలు మా నాయనమ్మకి కళ్లజోడు లేకుండానే కనిపించేవి, వాటిలో కుందేలు కూడా కనిపించేది, ఆవిడకి ఎవరూ స్టార్లివ్వలేదు.

చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడని బడి పిల్లలకి కూడా తెలుసు. అంటే ఇన్ని రివ్యూల్లోనూ ఉన్నది ఒకటే ఫోటో. పైగా చంద్రుడంటే ఏమిటి, ఎండలో పడున్న రాయి. వెలుతురుకి కొదవ లేదు, ఎగిరిపోడు, తల తిప్పుకోడు. ఇంత సులువైన ప్రశ్నాపత్రం ఇంకోటి ఉండదు. నిజంగా గుంతలు చూపించాలనుంటే పున్నమి కాదు, అష్టమి నాడు తీయాలి, ఎండ ఏటవాలుగా పడి నీడలు తేలతాయి కాబట్టి. అష్టమి నాడు కొత్త వస్తువు బయటికి తీయరేమో, పాపం.

ఈ రివ్యూలు చూసీ చూసీ మా బావ కూడా ఒకటి కొన్నాడు. పున్నమికి అందరినీ డాబా మీదికి పిలిచాడు, అత్తయ్య పులిహోర కలిపింది. ట్రైపాడ్ నిలబెట్టి, జూమ్ పూర్తిగా లాగి, కన్ను ఆనించి, "ఏడీ?" అన్నాడు. చంద్రుడు నెత్తిమీదే ఉన్నాడు. వీధి కుక్కకి కూడా కనిపిస్తున్నాడు, ఒక్క మా బావకి తప్ప. 3000 మిల్లీమీటర్ల జూమ్‌లో ఆకాశం ఒక్క డిగ్రీ కూడా కనిపించదు మరి, చంద్రుడేమో అందులో అర డిగ్రీ. "కుడికి బావా", "కొంచెం పైకి", "అది పక్కింటి లైటు బావా"... దొరికాడు! చప్పట్లు కొట్టాం. ఫోకస్ కుదిరేలోపు అత్తయ్య చాప కోసం నాలుగడుగులు వేసింది, ట్రైపాడ్ అదిరింది, చంద్రుడు మాయం. మళ్లీ వెతుకులాట. దొరికినా రెండు మూడు నిమిషాల్లో తనంతట తనే ఫ్రేమ్ దాటిపోతాడు, బావ కోసం భూమి తిరగడం మానదు కదా. పులిహోర అయిపోయింది. పదకొండింటికి ఒక ఫోటో వచ్చింది. అందరి ఫోటో లాంటిదే.

ఆ ధీమాతో పాప స్కూల్ యాన్యువల్ డేకి వెళ్లి, జూమ్ ఉంది కదా అని చివరి వరసలో కూర్చున్నాడు. నెమలి వేషం వేసిన పిల్ల ఫోటోలో తడిసిన రంగుల ముద్దలా వచ్చింది. రాదా మరి? 2018లో వచ్చిన నికాన్ పీ1000 సంగతే చూడండి, జూమ్ 24 నుంచి 3000 మిల్లీమీటర్ల దాకా, 125 రెట్లు. లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 539 మిల్లీమీటర్లే, మిగతా గొప్పంతా సెన్సర్, అంటే వెలుతురుని పట్టే చిప్పు, చిన్నదవడం వల్ల వచ్చింది. ఆ సెన్సర్ కందిబద్దంత ఉంటుంది. పూర్తిగా జూమ్ చేస్తే లెన్సు ద్వారం కొలత ఎఫ్ 2.8 కాస్తా ఎఫ్ 8 అవుతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు ఎనిమిదో వంతు. అలాగని పనికిమాలినదేం కాదు, పొద్దున్నపూట మంచి వెలుతురులో నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని తీయండి, ముచ్చటేస్తుంది. అంత దూరం అందుకునే లెన్సు విడిగా కొనాలంటే లక్షలు పోయాలి. ఈ ముక్క చెప్పే రివ్యూ ఏది?

చంద్రుడు లేని రోజులకి ఇంకో పరీక్ష ఉంది, జూమ్ టెస్ట్. ఎత్తైన మేడ మీంచి ఊరంతా చూపించి, మెల్లగా దగ్గరికి లాక్కుంటూ పోతారు. మొన్న చూసినదాంట్లో ముందు వాటర్ ట్యాంకు, తర్వాత ఎక్కడో దూరంగా అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు బాల్కనీ, నైటీలో ఒకావిడ. భుజం మీద తువ్వాలు, పళ్ల మధ్య క్లిప్పు, పిల్లాడి యూనిఫాం చొక్కా దులిపి ఆరేస్తోంది. ఎండకి గాలి కదులుతుంటే మనిషి వణుకుతున్నట్టుంది. "క్లారిటీ చూశారా!" అని అక్కడే ఆగాడు.

ఏం క్లారిటీరా? ఆవిణ్ణి అడిగావా? ఆవిడ ఇంట్లో ఆవిడ బట్టలారేసుకుంటుంటే, నీ కెమెరాకి ప్రశ్నాపత్రమా ఆవిడ? కరెంటు తీగ మీద పాలపిట్టుంది, గుడి గోపురం మీద కలశం ఉంది, చెరువులో కొంగలున్నాయి, ఊళ్లో ఇన్ని ఉండగా ప్రతి వెధవకీ బాల్కనీలే దొరుకుతాయేం? దొంగచాటుగా తొంగిచూసేవాణ్ణి మా ఊళ్లో ఒక మాట అంటారు, రివ్యూయర్ అని మాత్రం అనరు.

చివర్లో మార్కులేశాడు. అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించాడంటే, డబ్బాలో బ్యాగు ఇవ్వలేదట.